ఎండకు తెల్లబడ్డ బండి

రిలే దీక్షల కాలంలో కట్టయ్య పొద్దున ఇంట్లో ఒకసారి, దారిలో హోటల్లో ఇంకొకసారి టిఫిను చేసి వచ్చి, మెడలో దండ వేయించుకుని, సాయంత్రం నిమ్మరసం తాగించేదాకా టెంటు కింద ఆకలితో నీలుగుతూ పడుకునేవాడని తొర్రూరులో తెలియని మనిషి లేడు. అయినా అందరూ ఆయనను ఉద్యమ కట్టయ్యన్న అనే పిలిచేవారు. మనవాళ్లు అంతే. ఒకసారి మెడలో దండ పడ్డవాడు కనబడితే చాలు, ఆ దండ ఎవరు కొన్నారని అడగరు.

సౌందర్యకు మాత్రం ఆ మొహం చూస్తేనే ఒళ్లు మండేది. ఆ మొహమే మే నెల ఆఖరున ఒక పొద్దున నేరుగా ఆమె వాకిట్లో ప్రత్యక్షమైంది.

అప్పుడే ట్రాలీ ఆటోలోంచి దింపిన మోటరుసైకిలు వాకిట్లో నిలబడి ఉంది. మూడేళ్లు ఠాణా వెనక ఎండకూ వానకూ పడి ఉండి, చివరికి కోర్టు కాయితం మీద విడుదలైన బండి. పోయినప్పుడు నల్లగా నిగనిగలాడుతూ పోయింది. ఇప్పుడు హెడ్‌లైటు చుట్టూ ఉండే డూమ్, సీటు కింద రెండు పక్కల మూతలు, వెనక మడ్గాడు, ప్లాస్టిక్ అన్నది ఎక్కడుందో అక్కడల్లా పొయ్యిలో బూడిద రంగు. వేలు పెడితే సుద్ద అంటినట్టు అంటుతోంది.

ఆమె మొగుడు భాస్కర్ బకెట్టులో నీళ్లు, పాత గుడ్డ తెచ్చుకుని దాని ముందు గొంతుక్కూచున్నాడు. బోరు మోటార్లు బాగుచేసే మనిషి. బండి లేని ఈ మూడేళ్లూ సామాన్ల సంచి భుజాన వేసుకుని బస్సుల వెంట ఉరికాడు. బస్సు పోని ఊళ్లన్నీ ఇంకొకరి పాలయ్యాయి. తొలకరికి ముందే బండి చేతికి రావడమంటే ఆ ఇంటికి అన్నం కుండ వాపసు వచ్చినట్టే.

"కడుగకు తమ్మీ!" కట్టయ్య గేటు దగ్గరనుంచే చెయ్యెత్తి అరిచాడు. "నీళ్ల సుక్క గూడ పడొద్దు."

భాస్కర్ చేతిలో గుడ్డ అట్లనే ఆగిపోయింది. కట్టయ్య వచ్చి బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. డూమ్ మీద చెయ్యి వేసి, అరచేతికి అంటిన తెల్లటి పొడిని చూసుకుని, కొడుకు ర్యాంకు కొట్టినంత సంబరపడ్డాడు.

"ఏం తెల్లబడ్డదిరా భాస్కర్! నేను జూస్తే కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయ్. గిది బండి కాదు, చరిత్ర. జూన్ రెండో తారీఖు, తెలంగాణ పండుగ నాడు స్టేజీ మీద పెడుదాం. వరంగల్ నుంచి పెద్దోళ్లొస్తున్నరు. అటెనుక పార్టీ ఆఫీసుల అద్దాల రూము కట్టిచ్చి అండ్లనే పెడుదాం. రేపటి పిల్లలు వచ్చి జూడాలె, కట్టయ్యన్న లాఠీ దెబ్బలు తిన్న బండి గిదే అని."

"లాఠీ దెబ్బలు తిన్నది ఎవలన్నా?" అని అడిగింది సౌందర్య, చేటలో బియ్యం నుంచి తల ఎత్తకుండానే.

కట్టయ్య ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "ఉద్యమం తిన్నది చెల్లే," అన్నాడు.

ఆ నాలుకకు మార్కెట్ కమిటీ చైర్మన్ కుర్చీ ఏం లెక్క, ఇంకా పెద్దదే పడుతుంది అనుకుంది ఆమె. కుర్చీ సంగతి ఊరంతా తెలిసిందే. రాష్ట్రం వచ్చింది, పదవులు పంచుతారు, ఎవడు ఎంత త్యాగం చేశాడో చూపించుకోవాలి. కట్టయ్య దగ్గర చూపించుకోవడానికి నిమ్మరసం గ్లాసు తప్ప ఏమీ లేదు. అందుకని ఈ బూడిద రంగు మీద కన్నుపడింది.

ఆమె మొగుడి వంక చూసింది. కాదను, ఒక్కసారి కాదను అని కళ్లతోనే చెప్పింది. భాస్కర్ గుడ్డను బకెట్టులో జారవిడిచి లేచి నిలబడ్డాడు.

"నువ్వు జెప్పినంక ఇంకేమున్నదన్నా," అన్నాడు.

కట్టయ్య వెంట వచ్చినవాడు ఫోను తీసి ఫోటో కొట్టాడు. హ్యాండిలు మీద చెయ్యివేసి, మొహం నిండా త్యాగం పులుముకుని నిలబడ్డాడు కట్టయ్య. బండి సొంతదారుణ్ని కొంచెం పక్కకు జరగమన్నారు. భాస్కర్ జరిగాడు.

మధ్యాహ్నం కంచం ముందు పెడుతూ సౌందర్య దులిపేసింది.

"ఇజ్జత్ ఉన్నదా నీకు? రాస్తారోకో దినం నీ బండి అడిగి తీస్కొని నడుపుకుంట పోయింది ఎవడు? పోలీసోళ్లు రాంగనే నడిరోడ్డు మీద బండి ఇడిసిపెట్టి పత్తి చేన్ల పడి ఉరికింది ఎవడు? ఒంటి చెప్పు దొరికిందట రోడ్డు మీద! పొద్దుగూకినంక నా బండి ఇయ్యండ్రి సార్ అని నువ్వు ఠాణాకు పోయినవ్. నిన్ను లోపలేసి అరికాళ్లు వాయగొట్టి కేసు నీ మీద రాసిండ్రు. నడిపిందెవడని అడిగితే నోరు తెరవకపోతివి!"

"తన పేరు చెప్తే ఉద్యమం దెబ్బతింటదని కట్టయ్యన్న అన్నడు."

"ఆయన కాళ్లు దెబ్బతింటయని అన్నడు. నువ్వు ఉద్యమం అని ఇన్నవ్."

భాస్కర్ అన్నం కలుపుతూ, "తెలంగాణ వచ్చింది గదనే. అంతకన్న ఏం గావాలె?" అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడు. ఆయనకు నిజంగానే అంతకన్నా ఏమీ అక్కర్లేదు. సౌందర్యకు దాని మీదే ఎక్కువ కోపం వచ్చింది.

"వచ్చింది. వచ్చి, నీ బండి కట్టయ్యకియ్యుమని నీ చెవుల చెప్పి పోయిందా?"

గడప మీద కూర్చుని ఆకు నములుతున్న అత్త యాకమ్మ, "ఎద్దు పుండు కాకికి ముద్దంటరు," అంది. "ఎద్దే పోయి కాకిని పిలుసుకరావుడు నేనిప్పుడే జూస్తున్న."

భాస్కర్ కంచం ఖాళీ చేశాడు. చెయ్యి కడుక్కుని పోయి బండి ముందు కూర్చున్నాడు. పాత పెట్రోలు తీసేశాడు. అది బెల్లంపాకం వాసన వేస్తోంది. ప్లగ్గు విప్పి గరుకు కాయితంతో గీకాడు. కార్బురేటరు విప్పి ముక్కలన్నీ గోనెపట్టా మీద వరుసగా పెట్టుకుని, ఒక్కొక్క సన్న రంధ్రంలో నోటితో గాలి ఊదాడు. ఎలుకలు కొరికిన వైర్లకు టేపు చుట్టాడు. కిక్కు మీద కిక్కు కొట్టగా కొట్టగా బండి దగ్గింది, ఆగింది, మళ్లీ దగ్గి, వాకిలంతా తెల్లటి పొగ చేసి నిలదొక్కుకుంది. భాస్కర్ మొహం వెలిగింది. ఎక్సిలేటరు తిప్పుతూ తల ఒక పక్కకు వంచి, చంటిపిల్ల ఊపిరి వింటున్నట్టు ఇంజను చప్పుడు విన్నాడు.

కానీ పై భాగానికి తడిగుడ్డ తగలనివ్వలేదు. అన్న కడగొద్దన్నాడుగా! ఇంజను బాగుచేసుకునే హక్కు మాత్రం ఎందుకో అన్న లాక్కోవడం మరిచిపోయాడు. ఇట్లాంటి మొగుణ్ని ఇచ్చినందుకు సౌందర్య తన తండ్రిని, సంబంధం చూసిన మేనత్తను, పెళ్లిలో బాజా వాయించినవాళ్లను కూడా తిట్టుకుంది.

మరునాడు భాస్కర్ మోటరు పని మీద బస్సెక్కి పోయాడు. ఇంటి ముందు బండి పెట్టుకుని బస్సెక్కి పోయాడు, అది చరిత్ర కదా, ఎక్కకూడదు. బస్సు మలుపు తిరగ్గానే సౌందర్య కొంగు నడుముకు చుట్టింది.

మొదట సబ్బుపొడి, కొబ్బరిపీచుతో తోమింది. మట్టి పోయింది, తెలుపు పోలేదు. తర్వాత కొబ్బరినూనె రుద్దింది. చూస్తుండగానే నల్లబడింది. "గింతేనా పని!" అనుకుని సంబరపడి పొయ్యి దగ్గరికి పోయి వచ్చేసరికి రోడ్డు మీది దుమ్మంతా వచ్చి ఆ నూనె మీద కూర్చుంది. బండి ముందటికన్నా అధ్వాన్నంగా, పిండిలో పొర్లిన పిల్లిలా తయారైంది. యాకమ్మ పగలబడి నవ్వింది. సౌందర్యకు ఉక్రోషం వచ్చి మళ్లీ అంతా సబ్బుతో కడిగి, స్టాండు తీసి, బండి తోసుకుంటూ బజారుకు బయలుదేరింది. స్టార్టు చేయడం ఆమెకు రాదు, తోయడం వచ్చు. బజారంతా చూసింది. చూస్తే చూడనీ అనుకుంది.

స్టిక్కర్లు, నంబరు ప్లేట్లు వేసే హన్మంత్ దుకాణం బస్టాండు దారిలో ఉంది. బండిని చూసి అతను పెదవి విరిచాడు.

"నూనె రుద్దినా, డీజిలు రుద్దినా పొద్దుగూకేదాకనే అక్కా. బూటు పాలిష్ రుద్దితే నీ చీరకే అంటుతది. రంగు ఏడికి పోలేదు. పైపొర ఎండకు మాడి పొడిబారింది, గంతే. ఇగో, చూడు."

డూమ్ మీద భాస్కర్ ఎప్పుడో అతికించుకున్న 'జై తెలంగాణ' స్టిక్కరు ఉంది. ఎండకు పెళుసెక్కిన ఆ స్టిక్కరు అంచును హన్మంత్ గోటితో లేపి మెల్లగా ఒలిచాడు. దాని కింద ప్లాస్టిక్ నిన్న కొన్నంత నల్లగా ఉంది. చుట్టూ బూడిద, నడుమ ఆ నలుపు. సౌందర్య దాని మీద వేలు పెట్టి రాసి చూసింది. వేలికి ఏమీ అంటలేదు. ఆమెకు ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి. మండిపడుతూ తుడుచుకుంది.

"అంతా గిట్ల జెయ్యి," అంది.

స్టిక్కర్లు మెత్తబరచడానికి వాడే వేడిగాలి గన్ను తీసి హన్మంత్ ప్లగ్గులో పెట్టాడు. అది బుస్సుమని లేచింది. మూతను జానెడు దూరం నుంచి, ఒక్కచోట నిలపకుండా, గోడకు సున్నం వేసినట్టు ఇటునుంచి అటు తిప్పాడు. మొదట ఏమీ కాలేదు. తర్వాత ఆ బూడిద లోపలినుంచి తడి పుట్టినట్టు నలుపు పైకి తేలి, గాలి పోయిన దారెంబడి పాకింది. సౌందర్య నోరు తెరుచుకుని చూసి, రెండో మూత వంతు వచ్చేసరికి గన్ను తనే లాక్కుంది.

"ఒక్కతాన ఆపకు అక్కా, వంకర పోతది. తిప్పుతనే ఉండు."

ఒకసారి ఆగనే ఆగింది. మడ్గాడు అంచు దగ్గర ప్లాస్టిక్ మెరిసి, చిన్న బొబ్బలా ఉబ్బింది. వెంటనే పక్కకు తిప్పింది. బొబ్బ అట్లాగే ఉండిపోయింది. ఉండనీ, మనిషి అరికాళ్లకే మచ్చలున్నాయి, బండికి ఉంటే ఏం అనుకుంది. గన్ను వేడికి చెంపలు కాలాయి, చెమట మోచేతుల మీదుగా కారింది. పక్క మూత, మడ్గాడు, డూమ్, అద్దాల వెనక డిప్పలు, ఒక్కొక్కటే నల్లబడుతూ వచ్చాయి. చివరికి దుకాణం అద్దంలో బండి కనిపించింది. మామూలు బండి. రోడ్డు మీద పోయే వంద బండ్లలో ఒకటి. ఆమెకు కావలసింది అదే.

గన్ను చల్లబడేదాకా నీడకని దుకాణం వెనక్కి పోతే, అక్కడ గోడవారన ఇంకో బండి కనబడింది. దీనికన్నా తెల్లగా ఉంది. ఎడమ ఇండికేటరు విరిగి ఎర్రదారంతో కట్టి ఉంది.

"గిదెవలది?"

"బెజవాడ సారుది. కాలువ పని మీద ఉండె. లొల్లి షురువైనప్పుడు బస్సెక్కి ఊరికి పోయిండు. హన్మంతూ, జర చూస్కో అన్నడు. అప్పుడప్పుడు ఫోను జేస్తడు, నా బండెట్లున్నది అని. మంచిగనే ఉన్నది సార్ అంట. ఏమంట మరి?" అన్నాడు హన్మంత్ కొంచెం సిగ్గుపడుతూ.

సాయంత్రం భాస్కర్ బస్సు దిగి వచ్చి, వాకిట్లో బండిని చూసి సంచి కింద పెట్టడం మరిచిపోయాడు. డూమ్ మీద చెయ్యి వేశాడు. అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. ఏమీ అంటలేదు. సౌందర్య గడపలో నడుము మీద చేతులు పెట్టుకుని, తిట్టు వస్తే తిట్టు, దెబ్బ వస్తే దెబ్బ అన్నట్టు నిలబడింది. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. మడ్గాడు మీది బొబ్బ దగ్గర వేలు ఆపి, "గన్ను ఒక్కతాన ఆపినట్టున్నవ్," అన్నాడు అంతే.

కబురు అంది కట్టయ్య ఉరికొచ్చాడు. పత్తి చేన్లో కూడా అంత వేగంగా ఉరికి ఉండడు.

"ఎవడు జేసిండురా గీ పని? ఫ్లెక్సీ కొట్టిచ్చిన! ఎండకెండిన ఉద్యమ బండి అని ఫోటో ఏయించిన! గిప్పుడు దీన్ని స్టేజీ మీద పెడితే షోరూమోడు ప్రచారానికి పెట్టిండనుకుంటరు!"

"మా బండి అన్నా, కడుక్కున్నం," అంది సౌందర్య.

కట్టయ్య ఆమెను లెక్కచేయలేదు. భాస్కర్ భుజం మీద చెయ్యివేశాడు. గొంతు తేనెలోకి దించాడు. "ఆడోళ్లకేం తెలుస్తది తమ్మీ. అయ్యిందేదో అయ్యింది. బండి ఇంతజాం నేను జేస్కుంట. నువ్వు స్టేజీ మీదికొచ్చి ఒక్క మాట జెప్తే సాలు. గిదే ఆ బండి అని. నీ నోటి నుంచి రావాలె."

"వస్తనన్నా," అన్నాడు భాస్కర్.

థూ అనుకుంది సౌందర్య. లోపలికి పోయి గిన్నెలు ఎత్తేసింది. వేడిగాలి కొడితే ప్లాస్టిక్‌కు కూడా రంగు తిరిగి వస్తుంది, ఈ మనిషికి ఏం కొడితే వస్తుంది? ఆ పూట ఆయనకు అన్నం అత్తే వడ్డించింది.

రెండో తారీఖు పొద్దున తొర్రూరంతా గులాబీ అయింది. డప్పులు, బోనాలు, బతుకమ్మలు, రంగులు చల్లుకునే పిల్లలు. ముసలివాళ్లు కూడా ఏడుస్తూ నవ్వుతున్నారు. యాకమ్మ నెత్తిన కండువా కట్టుకుని డప్పు ముందు అడుగేసింది. ఆ సంతోషం మీద సౌందర్యకు ఏ కోపమూ లేదు. వంటావార్పు నాడు నడిరోడ్డు మీద మూడు రాళ్ల పొయ్యి పెట్టి ఊరికి అన్నం వండింది ఆమె కూడా. కానీ స్టేజీ దగ్గరికి పోయింది మాత్రం సంబరానికి కాదు. తన మొగుడు ఎంత లోతుకు దిగుతాడో కళ్లారా చూద్దామని పోయింది.

భాస్కర్ బండి మీద వచ్చాడు. దాన్ని జనం అంచున వేపచెట్టు కింద ఆపి, స్టేజీ వైపు నడిచాడు.

స్టేజీ మీద తెల్లటి బండికి గులాబీ దండలు వేసి, మెట్లున్న పీట మీద నిలబెట్టారు. సౌందర్య చూసింది. ఎడమ ఇండికేటరుకు ఎర్రదారం. నంబరు ప్లేటు మీద 'ఏపీ' అక్షరాలపై కొత్తగా 'టీజీ' అని స్టిక్కరు. దాని పక్కన మాత్రం పాత అంకె అట్లాగే ఉంది, పదహారు. వరంగల్ జిల్లాలో ఏ బండి చూసినా ముప్పై ఆరు ఉంటుంది. పదహారు ఎక్కడిదో బస్టాండులో పల్లీలమ్మేవాడికి కూడా తెలుసు. కట్టయ్యకు తెలుపు కావాలి, తెలుపు దొరికింది. అంకెల జోలికి ఆయన పోలేదు. స్టేజీ పక్కన హన్మంత్ తలవంచుకుని నిలబడి ఉన్నాడు. ఆమె చూపు తగలగానే, "ఏం జెయ్యాలె అక్కా, బలిమిన తీస్కపోయిండ్రు. స్టిక్కరు అంటియ్యమన్నడు, అంటిచ్చిన," అని గొణిగాడు.

కట్టయ్య మైకు పట్టుకున్నాడు. లాఠీలు విరిగాయి, తన వీపు విరగలేదు అన్నాడు. బండిని వదలమంటే ప్రాణం వదులుతాను గాని బండిని వదలనన్నానన్నాడు. వరంగల్ నుంచి వచ్చిన పెద్దాయన కుర్చీలోంచి లేచి బండికి దండం పెట్టాడు. చప్పట్లు మోగాయి. ఇద్దరు ఆడవాళ్లు వచ్చి ముందు చక్రానికి బొట్టుపెట్టిపోయారు.

"గా దినం నా పక్కనే ఉన్నడు నా తమ్ముడు భాస్కర్," అన్నాడు కట్టయ్య. "రా తమ్మీ. నువ్వే జెప్పు. గిది ఏ బండో జనానికి జెప్పు."

భాస్కర్ మెట్లెక్కాడు. సౌందర్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చూడలేక తల తిప్పుకోబోయింది, తిప్పుకోలేకపోయింది. ఆయన మైకు తీసుకోలేదు. ముందు బండి దగ్గరికి పోయి గొంతుక్కూచున్నాడు, ఇంట్లో కూర్చున్నట్టే. మడ్గాడు మీద వేలు రాసి చూసుకున్నాడు. వేలికి తెల్లగా అంటింది. ఎర్రదారం ముట్టుకున్నాడు. నంబరు ప్లేటు చదివాడు. లేచి లుంగీకి వేలు తుడుచుకుని మైకు అందుకున్నాడు.

"అందరికి నమస్తే," అన్నాడు. "జై తెలంగాణ."

జనం హోరుమన్నారు. కట్టయ్య చిరునవ్వుతో తల ఊపాడు.

"గీ బండి నాది కాదు. నాది గక్కడ యాపచెట్టు కింద పెట్టిన. మా ఆమె నల్లగ జేసింది. ముప్పై ఆరు నంబరు. గిది పదహారు. ఎవలో బెజవాడాయనది."

ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. పెద్దాయన ప్లేటు వైపు వంగి చూసి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. కట్టయ్య మైకు కోసం చెయ్యి చాచాడు. భాస్కర్ ఇవ్వలేదు, ఆయన వైపే తిరిగాడు. గొంతులో కోపం లేదు. మోటరు కాలిన రైతుతో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"జర పంపియ్యుండ్రన్నా. ఆయన బండి ఆయనకు ఇయ్యుండ్రి, పాపం. బండి లేకుంటే మూడేండ్లు ఎట్లుంటదో నాకెరుక. నీకెట్ల ఎరుకైతది? గా దినం నువ్వు నడిపినవ్, దొరికింది నేను."

నవ్వులు ఆగిపోయాయి. డప్పు కొట్టేవాళ్లు కూడా ఆపి చూశారు. భాస్కర్ మైకును జాగ్రత్తగా స్టాండులో పెట్టి, మెట్లు దిగి వచ్చాడు. జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు.

సౌందర్య ఎట్లా నడిచిందో ఆమెకే తెలియదు, ఆయనకన్నా ముందే వేపచెట్టు కిందికి చేరింది. తిట్టడానికి మూడేళ్లుగా కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. భాస్కర్ వచ్చి కిక్కు కొట్టాడు. ఒక్క దెబ్బకే అందుకుంది.

"ఎక్కు. నిన్ను ఇంటికాడ దింపి పోత. పక్క ఊర్ల ఒక రైతు మోటరు విప్పుకుని కూసున్నడట," అన్నాడు.

ఎక్కి, ఆయన భుజం పట్టుకుంది. బండి స్టేజీ వెనకనుంచి తిరుగుతుంటే, గోడ పక్కన హన్మంత్ ఒక చెవి మూసుకుని ఫోనులో అరుస్తున్నాడు.

"సార్, మీ బండి... ఆ, మంచిగనే ఉన్నది సార్. జర తెల్లబడ్డది, నేను నల్లగ జేసి పెడత. మీరు ఎప్పుడొస్తరో జెప్పుండ్రి."